వాలు మీద రెండు కిలోలు

మా వైపు నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకూ, ఇటు కొల్లేరు లంకల వరకూ ఎటు చూసినా ఒకటే చదును. నీళ్ళకి సైతం ఎటు పోవాలో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే ఇన్ని కాలవలు తవ్వారేమో అనిపిస్తుంది నాకు. ఇలాంటి చోట పుట్టి పెరిగిన పిల్లలకి వాలు అంటే ఏమిటో చూపించడం నా ఉద్యోగం. పేరు ఇమ్మానుయేలు, తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ని. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే వాలుబల్ల.

వాలుబల్ల అంటే పెద్ద యంత్రమేమీ కాదండి. ఒక చివర పైకి లేపి బిగించే బల్ల, దాని మీద అద్దం, అద్దం మీద ఇత్తడి రోలరు. రోలరుకి దారం కట్టి, ఆ దారాన్ని పైనున్న కప్పీ మీదుగా కిందికి వదిలి, చివర చిన్న పళ్ళెం వేలాడదీస్తాం. పళ్ళెంలో తూనికరాళ్ళు ఒక్కొక్కటే వేస్తూ ఉంటే, ఒక దగ్గర రోలరు మేలుకుంటుంది. నిద్రలో నడిచే మనిషిలా మెల్లగా పైకి పాకుతుంది. మధ్యాహ్నం మూడింటికి కిటికీలోంచి ఎండ అద్దం మీద పడి, ఆ వెలుగు గది కప్పు మీద నీళ్ళలా ఆడుతూ ఉంటే, రోలరును చూస్తూ నేనెక్కడికో వెళ్ళిపోతాను. అప్పుడెవరైనా పిలిస్తే చిర్రెత్తుకొస్తుంది.

నాకు కోపం ఎక్కువ. కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు. బల్ల ముట్టుకోకుండా, పక్కవాడి రికార్డు చూసి కాకిలెక్కలు వేసుకొచ్చే పిల్లలంటే ఒళ్ళు మంట. ఒకసారి ఒకబ్బాయి రికార్డు పరపరా చించేస్తే ప్రిన్సిపాల్ గారు పిలిచి, చించే అధికారం అటెండరుకి లేదని మెత్తగా చెప్పారు. నిజమే, లేదు. అయినా ఏటా కొత్త బ్యాచి రాగానే ఒకటే మాట చెబుతాను: అబద్ధాలాడాలంటే మనుషులతో ఆడుకోండి, రీడింగుతో మాత్రం ఆడొద్దు.

ఇంత గొప్ప మాట చెప్పేవాణ్ణి ఈ ఏడాది ఏం చేశానో చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

మా అక్క మరియమ్మ నాకన్నా పద్నాలుగేళ్ళు పెద్దది. మాది కొల్లేటి లంక. నేను పుట్టిన ఏడాదికే అమ్మ పోయింది. నాకు ఐదేళ్ళప్పుడు, ఒక ముంపు ఏడాది, నాన్న కూడా జ్వరంతో పోయాడు. అక్క నా చెయ్యి పట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చి రైసుమిల్లులో చేరింది. అక్కడ మగవాళ్ళు బియ్యం బస్తాలు మోస్తే ఆడవాళ్ళు తవుడు బస్తాలు మోసేవారు. నేలకీ లారీకీ మధ్య ఒక బల్ల వేసేవారు. నెత్తిన బస్తాతో అక్క ఆ బల్ల మీద నడిచి వెళ్ళడం గుమ్మం దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. పొట్టి బల్ల వేస్తే నాలుగడుగుల్లో పైకెళ్ళిపోవచ్చు, కానీ మెడ విరుగుతుంది. పొడుగు బల్ల వేస్తే అడుగులు ఎక్కువైనా ప్రాణానికి సుఖం. అక్క ఎప్పుడూ పొడుగు బల్ల కోసం ముఠామేస్త్రితో పోట్లాడేది. నేను కాలేజీలో చేరాక గానీ తెలియలేదు, ఆవిడ పోట్లాడినదే పుస్తకంలో సూత్రమని. ఆ బల్ల ఎక్కీ దిగీ నన్ను చదివించింది, నాకు పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

రెండున్నరేళ్ళ కిందట వానలో జారిపడి అక్కకి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసినా కాళ్ళు నిలబడలేదు. చక్రాల కుర్చీ వచ్చింది. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి పలక వేసుకుని తనే జరిగేది తప్ప, నా భార్య మార్తమ్మని కూడా చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. మొన్నటి క్రిస్మస్‌కి చర్చి మెట్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్ళారు. మంచి పిల్లలే. వాళ్ళలో ఒకడు సరదాకి, మామ్మగారు తవుడు బస్తా అంత కూడా లేరు అన్నాడు. అక్క నవ్వింది. ఇంటికొచ్చాక నాతో మాత్రం నవ్వకుండా చెప్పింది.

"నలభై ఏళ్ళు నేను మోశాన్రా తమ్ముడూ. నన్నింకొకరు మొయ్యకూడదు. వెళ్తే నా చేతులతో వెళ్తాను, లేదా ఇక్కడే కూర్చుంటాను."

మళ్ళీ చర్చికి రాలేదు. చర్చి ఒక్కటే అయితే ఫాదరు గారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్తున్నారు, సరిపోయింది. కానీ కాలవ ఇంటికి రాదు కదా.

మా ఇల్లు కాలవ గట్టు కింద ఉంది. గుమ్మం దాటితే సందు, సందు చివర ఐదు మెట్లు, మెట్లెక్కితే గట్టు, గట్టు మీద కానుగ చెట్టు. ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఆ మొదటి నీరు వచ్చే పూట గట్టు మీద నిలబడి చూడటం అక్కకి ఈ ఊరు వచ్చిన మొదటి ఏడాది నుంచీ ఉన్న అలవాటు. చిన్నప్పుడు నన్నూ నిద్ర లేపి తీసుకెళ్ళేది. పగుళ్ళిచ్చిన కాలవ అడుగున ముందు నురగ వస్తుంది, దాని వెనక ఎండుటాకులూ చెత్తా, వాటి వెనక నెమ్మదిగా ఎర్రటి నీళ్ళు. అవి మనమెప్పుడూ చూడని కొండల మీంచి, మనమెప్పుడూ ఎక్కని వాలు దిగి వస్తున్నాయని అక్క చెప్పేది. నేను నిద్రమత్తులో నమ్మేవాణ్ణి. ఇప్పటికీ ఆ నీళ్ళని చూస్తే నాకు నిద్ర వాసన వస్తుంది.

కుర్చీలో పడ్డాక రెండు జూన్‌లు ఊరికే పోయాయి. ఎత్తుకెళ్తానంటే ఒప్పుకోలేదు. ఈ జనవరిలో ఒక పొద్దున్న కాఫీ తాగుతూ, ఈసారి నీళ్ళొచ్చే రోజు నా అంతట నేను గట్టెక్కి చూస్తాను అంది. ఎలా ఎక్కుతావని అడిగితే, వాలు సంగతి నీకు తెలియాలి గానీ నాకెందుకు అంది.

ఆ మాట పట్టుకుని మెట్ల బదులు ర్యాంపు మొదలెట్టాను. తాపీ మేస్త్రి పదడుగుల్లో కట్టేస్తానన్నాడు. నాకు మండింది. గట్టు ఎత్తు రెండున్నర అడుగులు. పదడుగుల్లో కడితే ఆవిడ ఎక్కడం మాట అలా ఉంచి, నేను తోసుకెళ్ళడమే గగనం. సందు పొడుగంతా వాడుకుంటే ముప్పై అడుగులు వస్తుంది. అంతకు మించి అంగుళం రాదు, అవతల పొరుగింటి పాపారావు గారి గోడ ఉంది. సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివరలా మట్టం చూసి, ముప్పై అడుగులకి రెండున్నర అడుగులు లేచేలా కట్టించాను. మేస్త్రి నా గురించి బయట ఏం చెప్పుకున్నాడో నాకు తెలుసు.

ల్యాబులో ఉన్న స్ప్రింగు త్రాసు కిలో దాటదు. చేపల బజారులో దానమ్మని అడిగి వేలాడే కాటా తెచ్చాను. దాని మీద ఒక్కో గీత రెండు వందల గ్రాములు. ఫిబ్రవరి చివరి ఆదివారం చర్చి నుంచి రాగానే అక్కని కుర్చీలో కూర్చోమని, కుర్చీ ముందు కడ్డీకి కాటా తగిలించి, వెనక్కి నడుస్తూ నెమ్మదిగా వాలు మీద పైకి లాగాను. ముల్లు ఏడు దగ్గర నిలబడింది. అంటే ఈ వాలు మీద అక్కనీ కుర్చీనీ పైకి కదిలించడానికి ఏడు కిలోల బలం కావాలి. తరవాత చదునుగా ఉన్న వరండాలో కుర్చీ వెనక కాటా కట్టి, కాటాని స్తంభానికి కట్టి, చక్రాలు ముందుకి తొయ్యమన్నాను. పళ్ళు బిగబట్టి తోసింది. అయిదున్నర చూపించింది.

ఏడు కావాలి, అయిదున్నర ఉంది. నీళ్ళొచ్చే లోగా ఆ రెండూ కలవాలి. రెండంకెలూ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాశాను. అక్క ఆ రోజు నుంచే రెండు చెంబుల్లో ఇసక పోయించుకుని, పొద్దుటా సాయంత్రం అవి ఎత్తీ దించీ చేతులకి పని పెట్టింది.

మార్చి అంతా ఏడే. అక్క చేతులు మాత్రం నెమ్మదిగా పుంజుకున్నాయి. ఆ రోజుల్లో ఆవిడకి రోజూ ఒకే కల వచ్చేది, పొద్దున్నే చెప్పేది. నెత్తిన బస్తాతో మిల్లు బల్ల ఎక్కుతూ ఉంటుందట. పైన లారీ రాదు. బల్ల అలా పోతూనే ఉంటుంది. మిల్లు పొగగొట్టం కిందికి పోతుంది, ఊరు కిందికి పోతుంది, చివరికి కొల్లేరు పళ్ళెంలో పాలలా కింద తెల్లగా కనిపిస్తుందట. భయం వేయదా అంటే, భయమెందుకురా, మంచి పొడుగు బల్ల అని నవ్వేది.

ఏప్రిల్‌లో రెండో పంట దాళ్వా కోతలయ్యాయి. మా వైపు సిమెంటు చదును కనిపిస్తే ధాన్యం ఆరబోయకుండా వదిలే మనిషి ఉండడు. రోడ్డయినా ఒకటే, బడి ముందు గచ్చయినా ఒకటే. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి నా ర్యాంపు మీద ముప్పై అడుగుల పొడుగునా ధాన్యం. పాపారావు గారు కాళ్ళు ఈడుస్తూ గింజల్ని తిరగేసుకుంటూ పైకీ కిందికీ తిరుగుతున్నారు. నేను చదునూ వాలూ తేడా తెలియని మనుషులని, ఇంకా ఏమేమో అన్నాను. ఆయన అంతా విని, మరియమ్మ గారిని అడిగే పోశామండీ అన్నారు. లోపలికెళ్ళి అక్క మీద ఎగిరాను. ఆవిడ కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. పచ్చి ధాన్యం ఎండుతున్న వాసన ఇల్లంతా కమ్మేసింది. ఇరవై ఏళ్ళదాన్నయిపోయానురా, కాసేపు ఊరుకో అంది.

ఆ ఆదివారం ధాన్యం ఎత్తించి, ఊడ్చి, కాటా తగిలించి లాగాను. ముల్లు ఏడుకి ఒక గీత కిందికి దిగింది. మళ్ళీ లాగాను, అదే. కాసేపు ఆలోచిస్తే మిల్లు బల్ల గుర్తొచ్చింది. తవుడు రాలీ రాలీ, అడుగులు పడీ పడీ, ఆ బల్ల నూనె రాసినట్టు నున్నగా ఉండేది. ఇక్కడా అదే జరిగిందనుకున్నాను. గింజలు రాసుకుని సిమెంటు గరుకు పోయింది, ఘర్షణ తగ్గింది. ఇంత చిన్న సంగతి ముందే తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వెంటనే పాపారావు గారింటికి వెళ్ళి, ఇంకా ధాన్యం ఉంటే తెచ్చి పొయ్యమని బతిమాలాను. ఆయన నా మొహంకేసి చూసి, ఒంట్లో బాగానే ఉందా అండీ అని అడిగారు.

ఏప్రిల్, మే నెలల్లో సందులో అందరి ధాన్యమూ మా ర్యాంపు మీదే ఎండింది. నేనే దగ్గరుండి కాళ్ళతో తిరగేశాను. రెండు వారాలకో గీత చొప్పున ముల్లు దిగుతూ వచ్చింది. మే నడిమికి నాలుగు గీతలు దిగి, ఆరు మీద ఒక్క గీత దగ్గర నిలబడింది. అక్క చేతులు సరిగ్గా ఆరుకి వచ్చాయి. ఇంకొక్క గీత. ఆ రోజుల్లో నేను నేల మీద నడవలేదు. ప్రతి ఆదివారం కాటా పైకెత్తి అక్కకి చూపించేవాణ్ణి. ఆవిడ కూడా కల మారిందని చెప్పేది. కలలో బస్తా రోజురోజుకీ తేలికైపోతోందట, ఒకోసారి నెత్తి మీద ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవలసి వస్తోందట. శుభశకునం అన్నాను. నా మొహం.

కాలేజీలో ఫణికిరణ్ అని కొత్త లెక్చరర్ ఉన్నారు. చిన్నవాడు, మెత్తని మనిషి. సెలవుల్లో ల్యాబు సామాను లెక్క చూడ్డానికి వచ్చినప్పుడు ఆయనకి నా నోటుబుక్కు చూపించి గొప్పలు పోయాను. ఆయన అంకెలన్నీ శ్రద్ధగా చూసి, చాలా బాగుందండీ అని, తరవాత కొంచెం మొహమాటంగా అడిగారు.

"కుర్చీలో బరువు మారలేదు కదండీ? ఒకే బరువు పెట్టి ఒకసారి చూశారా?"

నాకు ఎక్కడో కాలింది. ముప్పై ఒక్క ఏళ్ళ అటెండరుకి రీడింగు తియ్యడం నేర్పుతున్నాడనుకున్నాను. మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాను. ఆయన నోరు మూయించాలనే పట్టుదలతోనే, మధ్యాహ్నం అక్క మంచం మీద కునుకు తీస్తుంటే, ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు కుర్చీలో పెట్టాను. జనవరిలో ఆసుపత్రిలో తూచినప్పుడు అక్క సరిగ్గా యాభై కిలోలు. కాటా తగిలించి లాగాను.

ఏడు.

కాటా చెడిపోయిందనుకున్నాను. విప్పి, దులిపి, మళ్ళీ తగిలించాను. ఏడు. మూడోసారీ ఏడే. ఎండలో ర్యాంపు మీద చెయ్యి పెట్టి తడిమాను. ఫిబ్రవరిలో ఎంత గరుకుగా ఉందో అంతే గరుకుగా ఉంది. వాలు మారలేదు. మారింది కుర్చీలో కూర్చునే మనిషి. పన్నెండడుగులకి ఒక అడుగు లేచే ఈ వాలు మీద, చక్రాల ఘర్షణ కూడా కలుపుకుంటే, ఒక్క గీత దిగిందంటే రెండు కిలోల మనిషి తగ్గినట్టు. నాలుగు గీతలంటే ఎనిమిది కిలోలు. వారం వారం నేను కాటా ఎత్తి చూపించి సంబరపడింది మా అక్క కరిగిపోతున్నందుకు. అక్కడే ర్యాంపు మీద కూలబడి ఏడ్చాను. పాపారావు గారింట్లోంచి ఎవరో చూస్తున్నా ఏడుపు ఆగలేదు.

తలెత్తేసరికి మంచం పక్క కిటికీలో అక్క మొహం ఉంది. ఎప్పుడు లేచిందో.

"ఎన్ని గీతలు దిగితే ఎంత పోయినట్టో నాకు లెక్క రాదురా," అంది. "కానీ నలభై ఏళ్ళు బరువు మోసినదాన్ని, నా బరువు నాకు తెలియదా?"

మరెందుకు చెప్పలేదని అరిచాను. అవును, అరిచాను.

"నువ్వు కాటా ఎత్తి చూపించేవాడివి కదా," అంది.

మర్నాడే ఏలూరు ఆసుపత్రికి బయలుదేరాం. వ్యాను ఎక్కించడానికి నేను చేతులు చాస్తే ఈసారి వద్దనలేదు. అక్కని అంతకు ముందెప్పుడూ ఎత్తలేదు నేను. ఎత్తాక కాటా అక్కర్లేకపోయింది. డాక్టరమ్మ గారు పరీక్షలన్నీ చేయించి, కడుపులో గడ్డ ఉందన్నారు. మందులు రాశారు, మూడు వారాలకోసారి రమ్మన్నారు. అన్నిటికన్నా ముందు బరువు ఇంక తగ్గకూడదు, నిలబడితే దారి ఉంది, ఒకటి రెండు కిలోలు పెరిగితే మరీ మంచిది అన్నారు. ఆ రోజుకి ఇంకో రెండు పోయి నలభై కిలోలు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క డ్రైవరుని కైకలూరు రోడ్డు వైపు కాసేపు పోనివ్వమని అడిగింది. కొల్లేరు చాలా మేర ఎండిపోయి ఉంది. ఎండిన చోట ఎండమావులు అచ్చం నీళ్ళలాగే అలలాడుతున్నాయి. ఎక్కడ నిజం నీళ్ళు మొదలవుతాయో తెలియలేదు. వలస వెళ్ళడం మరిచిపోయిన గూడబాతులు నాలుగు ఆ వెలుగులో కాళ్ళు లేనట్టు కూర్చుని ఉన్నాయి. అక్క చాలాసేపు చూసి నాన్న సంగతి ఎత్తింది. తాటి దోనెని గట్టు దాటించేటప్పుడు నాన్న కింద తడి గుర్రపుడెక్క పరిచేవాడట. అక్కని దోనెలోంచి దిగనిచ్చేవాడు కాదట, కూర్చోబెట్టే లాగేవాడట.

"నువ్వు ఎక్కాక దోనె ఇంకా తేలికైందమ్మాయ్ అనేవాడు," అంది. "ఉత్త అబద్ధం. మెడ మీద నరాలు ఉబ్బిపోయేవి. నేను నమ్మినట్టే కూర్చునేదాన్ని."

ఆ ఆదివారం నుంచి నా ప్రార్థన తిరగబడింది. మూడు నెలలు ముల్లు దిగాలని కోరుకున్నవాణ్ణి, ఇప్పుడు ఎక్కాలని కోరుకున్నాను. మొదటి వారం ఆరు. మార్తమ్మ రాగిజావ, గుడ్లు, కొరమీను పులుసు, ఏది సయిస్తే అది గంటగంటకీ పెట్టింది. రెండో వారం కూడా ఆరే. దిగనందుకే మేమిద్దరం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. మూడో వారం, అంటే జూన్ మొదటి ఆదివారం, లాగుతూ ఉంటే ముల్లు ఆరు దాటి పైగీత మీదికి ఎక్కింది. ఆరు మీద ఒక గీత. రెండు కిలోలు. నేను కాటా వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. నోటుబుక్కులో ఆ అంకె పెద్దగా రాసి చుట్టూ సున్నా చుట్టాను.

అదే సాయంత్రం అక్క తనంతట తాను వాలు ఎక్కబోయింది. నన్ను కిందే ఉండమంది. చక్రాలు నెమ్మదిగా తోసుకుంటూ ఇరవై నాలుగు అడుగులు వెళ్ళింది. అక్కడ చేతుల్లో సత్తువ అయిపోయింది. కుర్చీ ముందుకి పోలేదు. కాసేపు బ్రేకు వేసుకుని కూర్చుని, పైనున్న కానుగ చెట్టుని చూసి, తనే వెనక్కి దిగి వచ్చింది. నేను పెరిగాను కదరా మరి అని నవ్వింది. పైన ఆరడుగులు మిగిలిపోయాయి.

మా ముందు గదికి ఒక తలుపు ఉంది. గాలికి కొట్టుకోకుండా దానికి ఆనించి రెండు కిలోల ఇనప తూనికరాయి పెడతాం. అక్క మిల్లు మానేసిన రోజున తెచ్చుకున్న రాయి అది. ఆ సాయంత్రం ఈదురుగాలి లేచి ఆ తలుపు టపటపా కొట్టుకుంది. రాయి ఎక్కడా కనిపించలేదు. అక్క అప్పటికే మంచం మీదికి జరిగి పడుకుంది. రాయి కోసం వంగి వెతుకుతుంటే కుర్చీ మీద దిండు ఒక పక్క ఎత్తుగా కనిపించింది. దిండు కిందికి చెయ్యి పోనిచ్చాను. చల్లగా తగిలింది.

రెండు కిలోలు, ఒక్క గీత. లెక్క ఎంత బాగా కుదిరిందంటే, ఏ కుర్రాడైనా రికార్డులో అలా రాసుకొస్తే మెచ్చుకునేవాణ్ణి. సాయంత్రం ఇరవై నాలుగు అడుగుల దగ్గర ఆవిడని ఆపింది కూడా ఆ ఒక్క గీతే. గట్టెక్కి నీళ్ళు చూడాలని మూడు నెలలు ఇసక చెంబులెత్తిన మనిషి, నా మొహంలో వెలుగు చూడటం కోసం ఆ రాయిని కింద పెట్టుకుని కూర్చుంది. నాకు కోపం రావాలి. ఎంత వెతికినా రాలేదు. రాయిని ఎక్కడిదక్కడే పెట్టేశాను. నోటుబుక్కు తీసి, సున్నా చుట్టిన అంకె మీద కలం ఆనించి, మళ్ళీ కలం మూసేశాను. ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది.

మర్నాడు రాయి తలుపు దగ్గరికి వచ్చేసింది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

జూన్ రెండో శనివారం పాపారావు గారు వచ్చి, పైన లాకుల తలుపులెత్తి నీళ్ళు వదిలారని, తెల్లవారేసరికి మన దగ్గరికి వచ్చేస్తాయని చెప్పి వెళ్ళారు. ఆదివారం ఇంకా మసక ఉండగానే లేచాను. తలుపు దగ్గర రాయి లేదు. ఆదివారం కదా, కాటా రోజు. అక్క మంచం మీద కూర్చుని పళ్ళెంలో మొహం కడుక్కుంటోంది. నేను కుర్చీ తుడుస్తున్నట్టు వెళ్ళి, దిండు కింద నుంచి రాయి తీసి, తువ్వాలు కింద పెట్టుకుని బయటికొచ్చేశాను.

అక్క పలక మీంచి జరిగి కుర్చీలో కూర్చుంది. కూర్చున్న తరవాత ఒక్క క్షణం ఆగింది. దిండుని అరచేత్తో ఒకసారి నొక్కి చూసుకుంది. ఇవాళ కాటా వద్దురా అంది నాకేసి చూడకుండా. నాకూ అదే కావాలి.

ర్యాంపు మొదట్లో నేను నిలబడ్డాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను, చేతుల్లో రాయి ఉంది. మార్తమ్మ గుమ్మంలో ఉంది. పైన గట్టు మీద సందులో వాళ్ళంతా కాలవకేసి చూస్తూ నిలబడ్డారు. మసకలో అందరూ ఇంకా సగం నిద్రలో ఉన్నట్టున్నారు. అక్క చక్రాల మీద చేతులు వేసి తోసింది. ఒకో తోపుకి అడుగున్నర, తరవాత అడుగు. ల్యాబులో రోలరు మేలుకుని పాకినప్పుడు ఎంత నెమ్మదో అంత నెమ్మది. అది చూస్తూ నేను ల్యాబు కప్పు మీద ఆడే ఎండలోకి, మిల్లు గుమ్మంలోకి, అక్క నెత్తి మీది బస్తాలోకి వెళ్ళిపోయాను. ఇరవై నాలుగు అడుగుల దగ్గర కుర్చీ ఆగింది.

నా ప్రాణం అక్కడే ఆగింది. వెళ్ళి తొయ్యాలని కాళ్ళు లాగాయి. పదంటే పది అంగలేస్తే అందుకుంటాను. కదల్లేదు. అక్క తల వంచుకుని ఊపిరి తీసుకుంది, ఒకసారి, రెండుసార్లు. మళ్ళీ తోసింది. జానెడు కదిలింది. మళ్ళీ జానెడు. ముందు చక్రాలు గట్టు అంచు దాటాయి, తరవాత వెనక చక్రాలు. అక్క కానుగ చెట్టు కింద బ్రేకు వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఎత్తలేదు. పాపారావు గారు మాత్రం పక్కకి జరిగి ఆవిడకి కాలవ కనిపించేలా చోటు ఇచ్చారు.

ఎగువన ఎక్కడో పిల్లల అరుపులు వినిపించాయి. అందరూ అటు తిరిగారు. అక్క మాత్రం వెనక్కి తిరిగి, కింద నిలబడ్డ నన్ను, వెనక్కి పెట్టుకున్న నా చేతుల్ని చూసింది. గొంతు పెంచకుండానే అంది:

"ఆ రాయి అక్కడ పెట్టేసి పైకి రారా తమ్ముడూ. నీళ్ళొచ్చేస్తున్నాయి."

రాయి కింద పెట్టి, వాలు ఎక్కి, అక్క పక్కన నిలబడ్డాను.